పై వరుస ఖాళీగా వదిలేయవచ్చా? (2016 అధ్యక్ష ఎన్నికలు)

ప్లేనో పాతకాపు
అక్టోబరు 17, 2016, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే సోమవారం, అంటే 24వ తేదీన, టెక్సాస్‌లో ముందస్తు పోలింగు మొదలవుతుంది. ప్రతిసారీ మొదటి రోజే వెళ్ళి ఓటు వేసి వచ్చే నేను ఈసారి ఇంకా ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. 2007లో పౌరసత్వ ప్రమాణం చేశాక 2008లో మెకెయిన్‌కూ, 2012లో రామ్నీకీ ఓటు వేశాను. ఇద్దరూ ఓడిపోయారు, అయినా వేసినందుకు నేనెన్నడూ చింతించలేదు. ఈసారి మా రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి డొనాల్డ్ ట్రంప్ గారు గెలిచినా చింతించవలసి వస్తుందేమోనన్నది నా బాధ.

సంప్రదాయవాది అనగానే మడీ ఆచారమూ గుర్తుకు వస్తాయి కొందరికి. నా ఉద్దేశం అది కాదు. చిన్న వ్యాపారుల పన్ను లెక్కలు చూడడం నా వృత్తి. ప్రభుత్వం రాబడికి మించి ఖర్చు చేయకూడదనీ, పౌరుడి ఆస్తి జోలికి పోకూడదనీ, న్యాయమూర్తులు రాజ్యాంగంలో రాసి ఉన్నదాన్ని చదవాలే తప్ప తమకు నచ్చినదాన్ని అందులోకి చొప్పించకూడదనీ, కడుపులోని బిడ్డకు కూడా బతికే హక్కు ఉందనీ నమ్ముతాను. ఈ నాలుగింటి కోసమే ఇన్నాళ్ళూ రిపబ్లికన్ పార్టీ వెంట ఉన్నాను.

ఇప్పుడు మా అభ్యర్థిని ఈ నాలుగింటితో సరిచూడండి. జాతీయ అప్పు 19 లక్షల కోట్ల డాలర్లు దాటిపోయింది. దానిలో సింహభాగం సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వృద్ధుల వైద్యం) వంటి పథకాల ఖర్చు నుంచే పెరగబోతోందని పార్టీ ఇన్నేళ్ళుగా చెబుతూ వచ్చింది. ట్రంప్ గారు వాటిని ముట్టుకోనంటున్నారు. ఆస్తి హక్కు సంగతి మరీ విచిత్రం. అట్లాంటిక్ సిటీలో తన కాసినో పక్కన ఉన్న ఒక వృద్ధ వితంతువు ఇంటిని లిమోజిన్ కార్లు నిలపడానికి ప్రభుత్వ సంస్థ ద్వారా తీసుకోవాలని చూస్తే, 1998లో న్యాయస్థానం అడ్డుకుంది. ప్రైవేటు అభివృద్ధి కోసం ఇళ్ళు తీసుకోవచ్చని 2005లో కీలో కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు సంప్రదాయవాదులంతా గగ్గోలు పెట్టారు. ఈయన మాత్రం దాన్ని పూర్తిగా సమర్థించారు. ఊళ్ళో భూసేకరణ నోటీసు వచ్చిన రోజున ఇంటి పెద్ద ముఖం ఎలా ఉంటుందో చూసిన మనకు ఇది ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. గర్భస్రావం విషయంలో 1999లో ఒక మాట చెప్పి, ఇప్పుడు దానికి పూర్తి వ్యతిరేకమైన మాట చెబుతున్నారు. ఇక ఆడవారి గురించి ఆయన మాట్లాడిన మాటలతో ఈ నెల 7న బయటపడ్డ టేపు గురించి, ఇద్దరు ఆడపిల్లల తండ్రిగా, ఇక్కడ రాయలేను.

అలాగని డెమొక్రాట్ అభ్యర్థి హిల్లరీ క్లింటన్ గారికి వేయలేను. న్యాయమూర్తుల ఎంపిక నుంచి ప్రభుత్వ వ్యయం వరకు ఆవిడ చెప్పేదంతా నా నమ్మకాలకు ఎదురుగానే ఉంది. పైగా దేశ రహస్యాల విషయంలో అత్యంత అజాగ్రత్తగా వ్యవహరించారని జూలైలో ఎఫ్‌బీఐ డైరెక్టరే ప్రకటించారు. మార్చి 1న ప్రైమరీలో నేను టెడ్ క్రూజ్‌కు ఓటు వేశాను, టెక్సాస్ ఆయన్నే గెలిపించింది కూడా. పదిహేడు మందితో మొదలైన పోటీలో మే 4 నాటికి ఒక్కరే మిగిలారు. ఆ ఒక్కరూ నాకు అక్కరలేనివారు.

కాబట్టి అడుగుతున్నాను. అధ్యక్ష పదవి వరుసను ఖాళీగా వదిలి కింది పదవులన్నిటికీ ఓటు వేయడం బాధ్యతేనా, లేక బాధ్యత నుంచి తప్పుకోవడమా?

ఎడిసన్ నివాసి
అక్టోబరు 18, 2016, ఉదయం 7:15

పాతకాపు గారూ, మీరు లెక్కలు చూసేవారు కాబట్టి ప్రతి మనిషినీ ఆడిట్ చేస్తున్నారు. మొన్న శనివారం మా ఊరి ఎక్స్‌పో సెంటర్లో రిపబ్లికన్ హిందూ కొయెలిషన్ సభకు నేను వెళ్ళాను. ఒక ప్రధాన పార్టీ అధ్యక్ష అభ్యర్థి మన సభకు వచ్చి, దీపం వెలిగించి, హిందువులన్నా భారతదేశమన్నా తనకు అభిమానమని నేరుగా చెప్పడం ఈ దేశానికి వచ్చిన ఇరవై రెండేళ్ళలో నేను చూడలేదు. తీవ్రవాదం గురించి డొంకతిరుగుడు లేకుండా మాట్లాడారు. మెకెయిన్, రామ్నీ పెద్దమనుషులే, కాదనను. పెద్దమనుషులై ఓడిపోయారు. ఈసారి పోట్లాడేవాడు దొరికాడు.

రాజ్యాంగ ప్రియ
అక్టోబరు 18, 2016, మధ్యాహ్నం 12:50

నేను వర్జీనియా ఓటరును. పాతకాపు గారి నాలుగు కొలతల్లో మూడింటిలో ట్రంప్ తప్పారని ఒప్పుకుంటాను. కానీ మిగిలిన ఒక్కటే, అంటే న్యాయమూర్తుల ఎంపికే, మిగతా మూడింటినీ మోస్తుందని నా వాదన.

ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ స్కేలియా చనిపోయారు. ఆ స్థానానికి ఒబామా మెరిక్ గార్లండ్‌ను ప్రతిపాదించారు, సెనేట్‌లో రిపబ్లికన్ నాయకుడు మెకానెల్ విచారణే జరపలేదు, ఆ కుర్చీ ఎనిమిది నెలలుగా ఖాళీగా ఉంది. తుపాకీ హక్కును వ్యక్తిగత హక్కుగా గుర్తించిన 2008 నాటి హెలర్ తీర్పు 5-4. ఎన్నికల ప్రచార వ్యయాన్ని భావప్రకటనగా చూసిన 2010 నాటి సిటిజన్స్ యునైటెడ్ తీర్పు 5-4. యజమాని మత విశ్వాసాన్ని గౌరవించిన 2014 నాటి హాబీ లాబీ తీర్పు కూడా 5-4. ఆ అయిదుగురిలో ఒకరు లేరు. కోర్టులో మిగిలిన ఎనిమిది మందిలో గిన్స్‌బర్గ్ వయసు 83, కెనడీకి 80, బ్రయర్‌కు 78. వచ్చే అధ్యక్షుడు ఒక్కరిని కాదు, ముగ్గురు నలుగురిని నియమించవచ్చు. వారు ముప్పై ఏళ్ళు కూర్చుంటారు. అధ్యక్షుడు నాలుగేళ్ళకో ఎనిమిదేళ్ళకో వెళ్ళిపోతాడు.

ట్రంప్ మేలో పదకొండు పేర్లు, సెప్టెంబరులో మరికొన్ని కలిపి మొత్తం ఇరవై ఒక్క పేర్లతో జాబితా ఇచ్చారు. దాదాపు అందరూ మనం కోరుకునే తరహా వారే. ఆయన మాట నిలబెట్టుకుంటారన్న పూచీ ఏమిటని అడుగుతారని తెలుసు. పూచీ లేదు. అవతలి వైపు మాత్రం వారు ఎవరిని నియమిస్తారో కచ్చితంగా తెలుసు. సందేహానికీ కచ్చితమైన నష్టానికీ మధ్య నేను సందేహాన్ని ఎంచుకుంటున్నాను. ముక్కు మూసుకునే వేస్తాను, కానీ వేస్తాను.

సాల్ట్‌లేక్ శాస్త్రి
అక్టోబరు 18, 2016, రాత్రి 8:05

రెండు దారులే ఉన్నట్టు మాట్లాడుతున్నారందరూ. మా యూటాలో మూడోది ఉంది. ఎవాన్ మెక్‌మలిన్ ఆగస్టులో స్వతంత్ర అభ్యర్థిగా రంగంలోకి దిగారు. ఇక్కడే పుట్టి, సీఐఏలో పనిచేసి, ప్రతినిధుల సభ రిపబ్లికన్ల వద్ద విధాన వ్యవహారాలు చూసినవారు. పదకొండు రాష్ట్రాల బ్యాలెట్లపైనే ఆయన పేరుంది, నిజమే. కానీ యూటాలో సర్వేలు ఆయన్ను ట్రంప్ దరిదాపులకు తెస్తున్నాయి. ఇక్కడ ఓటర్లకు మాట తీరూ నడవడికా పట్టించుకోదగినవే. మార్చి 3న యూటా విశ్వవిద్యాలయ వేదిక మీద నుంచి ట్రంప్ గురించి రామ్నీ చేసిన హెచ్చరికను ఇక్కడ ఎవరూ మరచిపోలేదు.

ఒక్క రాష్ట్రంతో ఏమవుతుందంటారా? గెలుపుకు కావలసిన 270 ఎలక్టోరల్ ఓట్లు ఎవరికీ రాకపోతే 12వ సవరణ ప్రకారం మొదటి ముగ్గురిలో ఒకరిని ప్రతినిధుల సభ ఎన్నుకుంటుంది, రాష్ట్రానికి ఒక్క ఓటు చొప్పున. 1824 ఎన్నిక తరువాత అలా జరగలేదు, ఇప్పుడు జరుగుతుందని నేనూ పందెం కాయను. అయినా ఖాళీ గడి కన్నా ఒక పేరు మేలు. టెక్సాస్‌లో ఆయన నమోదైన రైట్-ఇన్ అభ్యర్థి కాబట్టి, మీరు పేరు రాస్తే అది లెక్కలోకి వస్తుంది. నమోదు కాని పేరు రాస్తే అక్కడ లెక్కించరు, జాగ్రత్త.

ట్రాయ్ తెలుగువాడు
అక్టోబరు 18, 2016, రాత్రి 10:30

శాస్త్రి గారి మూడో దారి మా మిషిగన్‌లో సందులోకి తీసుకువెళ్ళి వదిలేస్తుంది. 2000లో ఫ్లోరిడా 537 ఓట్లతో తేలింది. అక్కడ మూడో పక్షం అభ్యర్థి రాల్ఫ్ నేడర్‌కు 97 వేలకు పైగా వచ్చాయి, డెమొక్రాట్లు ఇప్పటికీ ఆ మాట తలుచుకుని నిట్టూరుస్తుంటారు. 1992లో స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరో దాదాపు 19 శాతం తెచ్చుకుంటే పెద్ద బుష్ ఓడిపోయారు. పెరో లేకపోయినా ఓడేవారని పరిశీలకులు చాలామంది అంటారనుకోండి, అది వేరే చర్చ. టెక్సాస్‌లో ఉన్న పెద్దమనిషికి అంతరాత్మ విలాసం. అక్కడి 38 ఎలక్టోరల్ ఓట్లు ఎటు పోతాయో అందరికీ తెలుసు. మాకు ఆ సౌకర్యం లేదు. 1988 తరువాత మిషిగన్ రిపబ్లికన్‌ను గెలిపించలేదు, ఈసారి మాత్రం ఇక్కడి ఆటో కార్ఖానాల దగ్గర గాలి మారినట్టు అనిపిస్తోంది.

క్యూలో ఉన్నవాడు
అక్టోబరు 19, 2016, ఉదయం 6:20

ఓటు హక్కు ఉన్నవారు దాన్ని ఖాళీగా వదలాలా వద్దా అని చర్చించుకోవడం చూస్తుంటే నాకు ఏమనాలో తెలియడం లేదు. గ్రీన్ కార్డు కోసం తొమ్మిదేళ్ళుగా క్యూలో ఉన్నాను. నా పిల్లలిద్దరూ ఇక్కడ పుట్టిన పౌరులు, నేను మాత్రం మూడేళ్ళకోసారి హెచ్1బీ పొడిగింపు కాగితాల వెంట తిరుగుతున్నాను. ఎడిసన్ నివాసి గారు చెప్పిన అభిమానం సంగతి అలా ఉంచండి. మార్చి 3న డెట్రాయిట్ చర్చా వేదిక మీద ట్రంప్ నైపుణ్యం ఉన్నవారు ఈ దేశానికి కావాలి, నా వైఖరి మార్చుకుంటున్నాను అన్నారు. ఆ రాత్రే హెచ్1బీకి వ్యతిరేకంగా ప్రకటన విడుదల చేశారు. మరునాటి ఉదయం మా ఆఫీసులో కాఫీ యంత్రం దగ్గర నలుగురం నిలబడి ఆ రెండు మాటల్లో దేన్ని నమ్మాలా అని ఆలోచించాం.

నిర్వాహకుడు
అక్టోబరు 19, 2016, ఉదయం 9:00

వీసా సమస్యలకు వేరే చర్చ ఉంది. ఇక్కడ విషయానికే పరిమితం కావలసిందిగా మనవి.

ప్లేనో పాతకాపు
అక్టోబరు 20, 2016, రాత్రి 10:55

అందరికీ కృతజ్ఞతలు. క్యూలో ఉన్నవాడు గారూ, మీ మాట గుచ్చుకుంది. గుచ్చుకోవలసినదే.

నిన్న లాస్ వేగాస్ చర్చ మొత్తం చూశాను. మొదటి అరగంటలో సుప్రీంకోర్టు గురించీ, గర్భస్రావం గురించీ నడిచిన వాదనలో, క్లింటన్ గారి మాటలు విన్నాక, రాజ్యాంగ ప్రియ గారు చెప్పినదే సరి అనుకుని కుర్చీలో వెనక్కి వాలాను. ఆ తరువాత, ఎన్నికల ఫలితాన్ని అంగీకరిస్తారా అని అడిగితే ట్రంప్ గారు అది అప్పుడే చెబుతానని, ఉత్కంఠగా ఉండనివ్వమని అన్నారు. నేను మళ్ళీ లేచి కూర్చున్నాను. ఓడినవారు ఓటమిని ఒప్పుకుని ఇంటికి వెళ్ళడం కన్నా సంప్రదాయమైనది ఈ దేశంలో మరేముంది? 1964లో రిపబ్లికన్ అభ్యర్థి గోల్డ్‌వాటర్ ఆరే రాష్ట్రాలు గెలిచి, ఓటమి ఒప్పుకుని, ఆలోచనలు మాత్రం వదలకుండా ఉన్నారు కాబట్టే పదహారేళ్ళకు రేగన్ వచ్చారు. ఓడిపోయినా సిద్ధాంతం మిగిలితే మళ్ళీ లేవవచ్చు. గెలిచి సిద్ధాంతం పోగొట్టుకుంటే పార్టీకి పేరొక్కటే మిగులుతుంది.

న్యాయమూర్తుల వాదనకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఇంతమాత్రం చెప్పగలను. చట్టాన్ని అక్షరాలా చదివే న్యాయమూర్తులు కావాలని, చట్టాన్ని లక్ష్యపెట్టని మనిషిని ఎన్నుకోవడంలో ఏదో పొసగడం లేదు.

రాజ్యాంగ ప్రియ
అక్టోబరు 20, 2016, రాత్రి 11:40

పొసగదు, నిజమే. కానీ గోల్డ్‌వాటర్ ఓటమి తరువాతి నాలుగేళ్ళలో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ప్రభుత్వం మెడికేర్‌ను తెచ్చింది. అది నేటికీ ఉంది. దాని ఖర్చు గురించే మీరు మొదటి టపాలో బాధపడ్డారు. ఓటమి నుంచి నేర్చుకునే పాఠానికి రుసుము ఉంటుంది, దాన్ని మన పిల్లలు కడతారు.

హెండర్సన్ బాబాయి
అక్టోబరు 21, 2016, సాయంత్రం 5:10

ఇంత తర్జనభర్జన మా నెవాడాలో అవసరం లేదు నాయనా. ఇక్కడ బ్యాలెట్ మీదనే ‘ఈ అభ్యర్థులెవరూ కాదు’ అని ఒక గడి 1976 నుంచి ఉంది. మన భారతదేశంలో సుప్రీంకోర్టు చెప్పాక 2013లో నోటా వచ్చింది కానీ, ఇక్కడ అంతకు ముందే ఉంది. దానికి ఎన్ని ఓట్లు పడినా గెలిచేది మాత్రం మనుషుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారే. అయినా ఖాళీగా వదిలితే మరచిపోయాడనుకోవచ్చు, ఆ గడి నొక్కితే కావాలనే నొక్కాడని తెలుస్తుంది. నేను అదే నొక్కబోతున్నాను. వయసు డెబ్బై నాలుగు, నన్ను ఎవరూ ఒప్పించనవసరం లేదు.

ప్లేనో పాతకాపు
అక్టోబరు 26, 2016, రాత్రి 9:20

ఈ రోజు వేసి వచ్చాను. ఏం చేశానో చెప్పడం చర్చ మొదలుపెట్టినవాడి బాధ్యత కాబట్టి రాస్తున్నాను.

మా ఇంటికి దగ్గరలోని గ్రంథాలయంలో పోలింగు. నేనూ మా ఆవిడా నలభై నిమిషాలు వరుసలో నిలబడ్డాం. పోలింగు యంత్రాలకు వంద అడుగుల లోపల ఫోను వాడకూడదు కాబట్టి ఇద్దరం ఫోన్లు కారులోనే వదిలాం. ముద్రించి తెచ్చుకున్న నమూనా బ్యాలెట్ నా చేతిలో నాలుగు మడతలై ఉంది. తెర మీద మొట్టమొదట వచ్చేది పార్టీ గడి: దాన్ని ఒక్కసారి నొక్కితే పై నుంచి కింది దాకా అన్ని పదవులకూ రిపబ్లికన్లకే పడిపోతుంది. 2008లోనూ 2012లోనూ నేను చేసింది అదే, రెండు నిమిషాల్లో బయటపడ్డాను. ఈసారి ఆ గడి దాటేశాను.

తరువాత అధ్యక్ష పదవి. శాస్త్రి గారి మాట గుర్తుకు వచ్చి, పేరు రాసే గడి తెరిచి, ‘ఎం’ దగ్గర ఆగిపోయాను. మెక్‌మలిన్ గారు మంచివారే అయి ఉండవచ్చు. రెండు నెలల క్రితం వరకు నేను ఆయన పేరు వినలేదు. సరిచూడని లెక్క కింద ఇరవై ఏళ్ళలో నేను సంతకం పెట్టలేదు, ఇక్కడ మాత్రం ఎలా పెడతాను? వెనక్కి వచ్చి ఆ వరుసను అలాగే వదిలాను. కింద ప్రతినిధుల సభకూ, రైల్‌రోడ్ కమిషనర్‌కూ (ఆ కమిషన్ చూసేది చమురు, సహజవాయువు వ్యవహారాలు, రైళ్ళతో దానికి ఇప్పుడు ఏ సంబంధమూ లేదు, పేరు మార్చడానికి ఎవరికీ తీరలేదు), రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తులకూ ఒక్కొక్కటిగా రిపబ్లికన్లకే వేశాను. చివర అన్నీ చూపించే పేజీలో మొదటి వరుసకు ఎంపిక లేదని కనిపించింది. సరిచేసుకుంటారా అని అడిగినట్టే ఉంది. కాసేపు చూసి, పక్క యంత్రం దగ్గర మా ఆవిడ అప్పటికే ముగించిందని గమనించి, ఓటు నమోదు చేశాను.

కారులో ఆవిడ ఎవరికి వేసిందో చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఎడిసన్ నివాసి
అక్టోబరు 28, 2016, సాయంత్రం 4:30

ఎఫ్‌బీఐ డైరెక్టరు క్లింటన్ గారి ఈ-మెయిళ్ళ వ్యవహారం మళ్ళీ చూస్తున్నామని కాంగ్రెసుకు లేఖ రాశారు. రెండు రోజులు ఆగి ఉంటే బాగుండేది కదా, పాతకాపు గారూ?

ప్లేనో పాతకాపు
అక్టోబరు 28, 2016, రాత్రి 8:00

ఆవిడకు నేను వేయలేదు కదండీ, ఆగితే ఏం మారేది?

ట్రాయ్ తెలుగువాడు
నవంబరు 29, 2016, ఉదయం 8:45

ఇన్నాళ్ళకు వస్తున్నాను. నిన్న మా రాష్ట్రం ఫలితాన్ని ధ్రువీకరించారు. మిషిగన్‌లో ట్రంప్ ఆధిక్యం 10,704 ఓట్లు. ఈ రాష్ట్రంలో లిబర్టేరియన్ అభ్యర్థి గ్యారీ జాన్సన్‌కు పడినవి దానికి ఎన్నో రెట్లు. గత నెలలో నేను చెప్పిన మాట మీద నిలబడుతున్నాను. కాకపోతే ఆ ఓట్లు ఎవరి నుంచి పోయాయో నాకూ తెలియదు. హెండర్సన్ బాబాయి గారి గడి సంగతీ చూశాను: నెవాడాలో క్లింటన్ ఆధిక్యం 27,202 అయితే ‘ఎవరూ కాదు’ అన్నవారు 28,863.

హెండర్సన్ బాబాయి
నవంబరు 29, 2016, మధ్యాహ్నం 2:15

అందులో ఒకటి నాది. ఎవరో గెలవడానికో ఓడడానికో వేసింది కాదు.

సాల్ట్‌లేక్ శాస్త్రి
నవంబరు 29, 2016, రాత్రి 9:30

యూటాలో మా అభ్యర్థికి 21 శాతానికి పైగా వచ్చింది, మూడో స్థానం. ట్రంప్‌కు 45 శాతం చిల్లర. 2012లో ఇక్కడ రామ్నీకి వచ్చింది 72 శాతం పైమాటే. ఓడిపోయాం. ఆ తేడాను పార్టీవారు చదువుతారో లేదో చూడాలి.

రాజ్యాంగ ప్రియ
నవంబరు 29, 2016, రాత్రి 10:10

గెలిచినవారు తేడాలు చదవరు శాస్త్రి గారూ. నేను ఎదురుచూస్తున్నది ఒక్క పేరు కోసం, స్కేలియా కుర్చీలో ఎవరు కూర్చుంటారా అని. ఆ పేరు ఇరవై ఒక్కరి జాబితాలో నుంచి రాకపోతే ఇక్కడికే వచ్చి నేను పొరపాటు పడ్డానని రాస్తాను. వస్తే పాతకాపు గారు ఏమంటారో వినాలని ఉంది.

ప్లేనో పాతకాపు
నవంబరు 30, 2016, రాత్రి 9:05

వస్తే సంతోషిస్తాను, ఆ ఘనత మీ ఓటుదేనని ఒప్పుకుంటాను. నా ఓటుది కాదు.

మా కాలిన్ కౌంటీ లెక్కలు తీసి చూశాను, వృత్తి అలవాటు. 2012లో రామ్నీకి దాదాపు 65 శాతం, ఈసారి ట్రంప్‌కు 56 శాతం లోపు. రాష్ట్రం మొత్తం మీద తొమ్మిది పాయింట్ల ఆధిక్యంతో గెలిచారు కాబట్టి ఎవరూ దీన్ని పట్టించుకోరు. అభ్యర్థుల పేర్లన్నీ అయిపోయాక, అధ్యక్ష పదవికి ఎంపిక చేయకుండా వదిలిన ఓట్ల సంఖ్యకు అడుగున ఇంకో వరుస ఉంది. దాని పక్కన పేరు ఉండదు. నమూనా బ్యాలెట్ ఇంకా నా కారులోనే ఉంది, మడత పెట్టినది పెట్టినట్టే.